మూడు తెరలూ, నా పొదుపూ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ దీపం ఎప్పుడు వెలగాలో, ఏ ఫ్యాను ఎప్పుడు ఆగాలో చెప్పే అధికారం నాదే. మా ఆయన రైల్వేలో రిటైరై, హిందీ మాట్లాడే ఈ ఊళ్ళోనే గుఢియారీ పేటలో రెండు గదుల ఇల్లు కట్టినప్పటి నుంచీ ఆ శాఖ నా చేతిలోనే ఉంది (ఆయన ఉన్నన్నాళ్ళూ చీకట్లో తడుముకుంటూనే చొక్కా వేసుకునేవారు. ఒకసారి తిరగేసి తొడుక్కుని, పాపం, రేషను షాపుదాకా వెళ్ళొచ్చారు). అలాంటి ఇంట్లోకి మా పెద్ద మనవరాలు ఒకటి కాదు, మూడు కంప్యూటర్ తెరలు తెచ్చి వరసగా పెట్టింది. తెలీబంధా పేటలో ఒక ఫొటో స్టూడియోవాళ్ళు పెళ్ళి ఆల్బమ్ ఒకటి చేసి చూపించమన్నారట. నచ్చితే ఇంటి దగ్గర నుంచే పని ఇస్తారు, లేకపోతే లేదు.

మూడు తెరలూ మూడు రకాలు. ఒకటి వెలవెలా, ఒకటి ధగధగా, ఇంకోటి మధ్యస్థం. అందుకని ఏదో సాఫ్ట్‌వేర్ వేసుకుంది. దాన్ని నొక్కితే తెర మీద ఒక గీత, గీత మీద గుండీ, పక్కన అంకె. గుండీని ఎడమకి జరిపితే మూడింటి వెలుతురూ కలిసి తగ్గుతుంది, కుడికైతే కలిసి పెరుగుతుంది. "చూడు నానమ్మా, మూడు పొయ్యిలకీ ఒకటే మంట" అని సరదాగా నా చేత కూడా జరిపించింది. అదే అది చేసిన తప్పు.

ఇంట్లో దేన్నైనా ఒక్కసారిగా తగ్గిస్తే అందరూ గోల చేస్తారు. రోజుకి కాస్త తగ్గిస్తే ఎవరికీ తెలీదు. ఏడుగురున్న సంసారంలో మజ్జిగలో నీళ్ళు నేనలాగే పోశాను. ఆ లెక్కనే, పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడల్లా మౌసు పట్టుకుని రోజుకి ఐదేసి అంకెలు దించాను. ఎనభైలో ఉన్నది పది రోజుల్లో ముప్ఫైకి వచ్చింది. "నానమ్మా, నా కళ్ళు మసకేస్తున్నాయేమో" అంది ఓ పూట. "మునగాకు తినకపోతే అంతే మరి" అని కసిరి, మూడు పూటలా మునగాకు పెట్టాను. అది నోరెత్తకుండా తింటూ, ఫొటోలు చీకటిగా ఉన్నాయనుకుని ఒక్కొక్కదాన్నీ తెల్లగా చేసుకుంటూ పోయింది.

అచ్చు వేయించి పట్టుకెళ్తే స్టూడియో పెద్దాయన, "బేటీ, దుల్హన్ కహాఁ గయీ? సిర్ఫ్ బిందీ దిఖ్ రహీ హై!" అన్నాడట. నిజమే, పెళ్ళికూతురు తెలుపులో కలిసిపోయి బొట్టొక్కటే మిగిలింది. పిల్ల ఇంటికొచ్చి నేల మీద కూలబడింది. "నాకీ పని రాదు నానమ్మా. రేపెళ్ళి మానేస్తానని చెప్పేస్తా."

"నీకు రాకపోవడమేంటే? ఆ గీత ముప్ఫైలో ఉంది."

"ఏ గీత?"

"నువ్వు నేర్పిందే. కరెంటు ఊరికే వస్తుందా?"

ఆ గీత కేసి చూసింది, నా కేసి చూసింది. కొడుతుందేమో అనుకున్నాను (పెంచింది నేనే, కొట్టదు). "మరి ఆ మునగాకంతా ఎందుకు తినిపించావు!" అని దొర్లి దొర్లి నవ్వింది.

మర్నాడు దాంతోపాటు నేనూ స్టూడియోకి వెళ్ళాను. "గల్తీ మేరా హై. లడకీ అచ్ఛా కామ్ కర్తా హై" అన్నాను (తప్పు నాదే, పిల్ల పని మంచిదే అని. నా హిందీలో ఆడా మగా తేడా ఉండదు). పెద్దాయన చేతులు జోడించి, "అమ్మాజీ, హమారీ అమ్మా తో ఫ్రిజ్ భీ బంద్ కర్ దేతీ థీ" అని నవ్వి (వాళ్ళమ్మయితే ఫ్రిజ్ కూడా ఆపేసేదట), మళ్ళీ చేసి తెమ్మన్నాడు.

ఈసారి గుండీ ముట్టనని ఒట్టేశాను. కొత్త ఆల్బమ్‌లో పసుపూ, పట్టుచీర అంచూ, పెళ్ళికూతురూ అందరూ తిరిగొచ్చారు. పని దొరికింది. కళ్ళజోడు పెట్టుకుని నేనూ పేజీలు తిప్పాను. ఒకచోట, మండపం వెనక మూల, పాత అచ్చులో అసలు కనిపించని ముసలావిడ ఒకావిడ ఉంది. పట్టపగలు వెలుగుతున్న లైట్ల తోరణం కేసి వేలు చూపిస్తూ ఎవరినో గదమాయిస్తోంది.

"ఎవరే ఈవిడ?" అన్నాను.

"నాకేం తెలుసు? నీకే తెలియాలి" అంది మనవరాలు.

పేజీ తిప్పనివ్వకుండా చాలాసేపు చూశాను. ఆవిడ మాట ఒక్కరూ వినడం లేదు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వేశాను.