కాటుక మీసం

నేను జాంబియాకు పోయింది పుట్టినరోజు వేడుక చూద్దామని కాదు. స్నేహితురాలి మీద ప్రేమ పొంగిపొర్లి అంతకన్నా కాదు. నా మీద ఒక మాట వేసి, నాకు రావలసిన సంబంధం తను చేసుకుని అంత దూరం చేరిన మనిషి ఆమె. ఆ మాటను ఆమె నోటితోనే వెనక్కి తీయించాలని పోయాను. విమానం టిక్కెట్టు కూడా ఆమె పంపిందే. పగ తీర్చుకోవడానికి దారి ఖర్చులు ఎదుటివాళ్లే పెట్టుకునే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి!

మాది ఆదోనిలో పత్తి దలాలీ చేసే ఇల్లు. ఆమె వాళ్లది అదే వీధి చివర, ధాన్యం వ్యాపారం. ఒకే బడి, ఒకే బెంచీ. ఒకరి జడ ఒకరం వేసుకునేవాళ్లం. మా గోడకు అవతల ఒక ముస్లిం కుటుంబం ఉండేది. డెబ్బైల మొదట్లో ఆ ఇంటి పెద్దమ్మాయి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు కొన్ని సాయంత్రాలు వాళ్లింట్లో ఆడవాళ్లు ఢోలక్ ముందర పెట్టుకుని పాటలు పాడుకుంటారు. వీధిలో ఆడపిల్లలందరం పోయేవాళ్లం. ఏ కులమని, ఏ మతమని అడిగేవాళ్లు లేరు.

ఆ పాటల గదిలోకి మగ పురుగు రాకూడదు. ఆ ఇంటి ముసలావిడ, మేమంతా నానీ అని పిలిచే ఆమె, తలుపు గడియ వేసి దానికి వీపు ఆనించి కూర్చునేది. చంకలో బిడ్డ అయినా సరే, కాస్త మాటలు వచ్చిన మగపిల్లవాడయితే బయటికి పంపించేది. లోపల మాత్రం ఎవరికీ పట్టపగ్గాలుండవు. పెళ్లికొడుకు తల్లిని తిడుతూ పాటలు, మొగుళ్ల మీద వెక్కిరింపులు, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వడం. ఎవరో ఒకరు మగవేషం కట్టాలి, అది కూడా ఆనవాయితీయే. ఆ గదిలో జరిగింది కట్టుకున్న మొగుడికి కూడా చెప్పకూడదని నానీ ముందుగానే అందరి చేతా అనిపించేది.

ఆ ఏడాది మగవేషం నాది. లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి, కాటుకతో చెవుల దాకా మీసం దిద్దుకున్నాను. మార్కెట్ యార్డులో దళారులు గుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం ఎట్లా చేస్తారో, పత్తి ముక్కు దగ్గర పెట్టుకుని ఎట్లా మొహం చిట్లిస్తారో, అదంతా ఢోలక్ దెబ్బకు తగ్గట్టు అడుగులు వేస్తూ చేశాను. మా నాన్ననూ వదల్లేదు. చివరకు ఒక్కో ఆడమనిషి చెయ్యీ పట్టుకుని లేపి, పెళ్లికొడుకు మాదిరి తిప్పి తిప్పి ఆడించాను. నా స్నేహితురాలు అందరికన్నా ఎక్కువ నవ్వింది. కడుపు పట్టుకుని, చాలు చాలని దండం పెట్టింది.

అప్పటికి నాకు ఎమ్మిగనూరు సంబంధం ఒకటి ఖాయమయినట్టే ఉంది. అబ్బాయి ఇంజనీరు. వాళ్లు చూసి పోయారు, నచ్చిందన్నారు, తాంబూలాలు మార్చుకోవడమే తరువాయి. ఉన్నట్టుండి వద్దని కబురు పంపారు. కారణం చెప్పలేదు. తర్వాత వచ్చిన సంబంధాలు కూడా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి. కొన్నాళ్లకు మాట బయటపడింది. ముస్లింల పెళ్లిలో మగవాళ్ల ముందు నేను ఎగిరి గంతులేశానట. నాన్న నన్ను పిలిచి అడిగాడు. తలుపులు వేసుకున్నామని చెప్పాను. నమ్మాడు. నమ్మి ఏం లాభం? వీధి వీధీ తిరిగి, మా బిడ్డ తలుపులు వేసుకునే ఆడిందండీ అని చెప్పుకుంటాడా?

ఏడు తిరగకముందే అదే అబ్బాయితో నా స్నేహితురాలి పెళ్లయింది. సిగ్గులేకుండా పోయాను నేను కూడా. మల్లెలు కట్టాను, వడ్డన చేశాను, అప్పగింతలప్పుడు ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఏడుపుకే నాకు ఒళ్లు మండుతుంది.

నేను ఎమ్మిగనూరులో టీచరు ఉద్యోగంలో చేరి, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఒకసారి తోటి టీచరమ్మ వాళ్ల పెళ్లికి నందవరం పోతే, భోజనాల దగ్గర నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఆ ఇంజనీరుకు పిన్ని. మాటల్లో నేనెవరో తెలిసి జాలిపడి, గుట్టు విప్పేసింది.

“మీ వీధి పిల్లే కదమ్మా సెప్పింది. మా అక్క ఆదోనికి విచారించనీకె వస్తే, కాళ్లకాడ కూసోని కండ్లనీళ్లు పెట్టుకునింది. నా ప్రాణం మాదిరి స్నేహితురాలే గానీ, మీరు మోసపోగూడదని సెప్తాండా అనింది.”

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. కన్నీళ్లు కూడా పెట్టుకుందట, మహాతల్లి! ఆ రోజు నుంచి ఆమె పేరు వింటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా ఆమె ఉత్తరం రాస్తే జవాబు రాసేదాన్ని. బాగున్నాను, నువ్వు బాగుండావు కదా అని. తెలిసిందని ఆమెకు తెలియకూడదు. అదొక్కటే నా చేతిలో ఉన్నది.

ఆమె మొగుడు జాంబియాలో రాగి గనుల్లో పనికి కుదిరాడు. ఎనభైల్లో ఒక వేసవిలో ఆమె రాసింది, పుట్టినరోజు చేసుకుంటున్నాను, ఇక్కడ అందరికీ అక్కో చెల్లెలో వచ్చి నిలబడతారు, నాకెవరున్నారు నువ్వు తప్ప, రావే అని. మా ఇళ్లల్లో పుట్టినరోజంటే తలంటు, పాయసం, అంతే. దానికి సముద్రం దాటి రమ్మనడం చూసి మా అమ్మ ముక్కున వేలేసుకుంది. నేను మాత్రం మరుసటి రోజే పాస్‌పోర్టు సంగతి కనుక్కోవడానికి పోయాను.

ఆదోనిలో బొంబాయి రైలెక్కాను. ఒక సంచి నిండా బొరుగులు, ఇంకో సంచిలో శనగపప్పు పొడి, ఎమ్మిగనూరు నేత దుప్పట్లు. మే నెల కదా అని పలచటి చీరలు సర్దుకుని పోతే అక్కడ చలి. విమానాశ్రయంలో నన్ను వాటేసుకుని ఆమె బోరున ఏడ్చింది. బొరుగుల సంచి చూసి మళ్లీ ఏడ్చింది. మరుసటి పొద్దున ఆ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, బజ్జీలు వేసి, నా పక్కన కూర్చుని చిన్నపిల్ల మాదిరి తిన్నది. అబద్ధమెందుకు, ఆ పూట నా మనసు కాస్త మెత్తబడింది.

దాన్ని మళ్లీ గట్టిపరిచింది ఆమె మొగుడు. ఆ మనిషి నాతో మర్యాదగానే ఉండేవాడు గానీ మొహం చూసి మాట్లాడేవాడు కాదు. రెండో రోజో మూడో రోజో, ఆమె స్నానానికి పోయినప్పుడు, పేపరు మడిచి పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“ఎప్పుడో జరిగిపోయిన సంగతులు, మీరేమీ ఇబ్బంది పడొద్దమ్మా,” అన్నాడు. “వయసులో అందరూ ఏదో ఒకటి చేస్తాంటారు. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు.”

అంటే నన్ను క్షమించాడన్నమాట! నేను చెయ్యని పనికి, కుర్చీలో కూర్చుని, పెద్దమనసు చేసి! చేతిలో కాఫీ గ్లాసు అతని నెత్తిన బోర్లించాలనిపించింది. అక్కడే అరవొచ్చు, నీ పెళ్లాం అబద్ధం చెప్పిందని. కానీ మగవాళ్ల ముందు ఎగిరిన పిల్ల మాటను ఎవరు నమ్ముతారు? ఎగరలేదని ఆ పిల్లే చెప్పుకుంటుంది కదా అనుకుంటాడు. చెబితే ఆమే చెప్పాలి. అదీ నలుగురిలో, నవ్వుతూ, తనేం చెబుతోందో తనకు తెలియకుండా చెప్పాలి. ఎట్లాగో నాకు అప్పటికి తెలియదు.

దారి ఆమే చూపించింది. గనుల వాళ్లకు అక్కడ ఒక క్లబ్బు ఉంది. ఎవరి పుట్టినరోజయితే వాళ్లు ముందుగా జంటగా నాట్యం మొదలుపెట్టాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు లేస్తారు. ఒకరి నడుము మీద ఒకరు చెయ్యి వేసి, మూడు లెక్కల మీద మెల్లగా తిరిగే ఆట. ఈమె పక్కింటి దొరసాని దగ్గర నేర్చుకుంది. మొగుడు మాత్రం నా వల్ల కాదని ఖరాఖండిగా చెప్పేశాడు. ఆడవాళ్లిద్దరు కలిసి ఆడినా అక్కడ ఎవరూ ఏమీ అనుకోరట.

“మగోని అడుగులు నువ్వెయ్యవే,” అని నా గడ్డం పట్టుకుంది. “నీకొచ్చు కదా. నలుగుట్లో నా పరువు నిలబెట్టు.”

నా పరువు సంగతి? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, సరే అన్నాను. కుర్చీలు గోడకు నెట్టి, రికార్డు పెట్టుకుని, రోజూ మధ్యాహ్నం సాధన చేశాం. నేను ముందుకు నడిపిస్తే ఆమె వెనక్కి నడవాలి. కళ్లు మూసుకుని నడిచేది, అంత నమ్మకం. నా అరచేయి ఆమె వీపు మీద ఉండేది. ఇట్లాంటి నమ్మకం నాకు కూడా ఒకప్పుడు ఉండేదే అని ఒళ్లు ఉడికిపోయేది. అయినా అడుగు తప్పనివ్వలేదు. ఆమె బాగా ఆడితేనే జనం అడుగుతారు, ఎక్కడ నేర్చుకున్నారని.

పుట్టినరోజు నాడు క్లబ్బు నిండా మనుషులు. గనుల్లో పనిచేసే ఆ దేశం వాళ్లు, తెల్లవాళ్లు, నాలుగైదు తెలుగు కుటుంబాలు. ఆమె పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. రికార్డు మొదలయింది. మేమిద్దరం ఆ నున్నటి నేల మీద ఒక్క తప్పు లేకుండా తిరిగాం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మొహం చూడాలి, అంత సంతోషం పెళ్లి పీటల మీద కూడా చూడలేదు నేను.

భోజనాల దగ్గర తెలుగువాళ్లంతా ఒక బల్ల చుట్టూ చేరారు. ఆమె మొగుడు కూడా పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నేననుకున్నట్టే ఒకావిడ నన్ను అడిగింది, ఆదోనిలో ఈ ఆటలు కూడా నేర్పుతారా అని.

“నేను సెప్తే గొప్పలు సెప్పుకున్నట్టుంటాది,” అన్నాను. “దాన్నే అడగండి. నేను మగవేషం కట్టి ఆడింది అది పక్కనే కూసోని సూసింది.”

ఇంకేముంది, మా గోడవతలి ఇంటి పెళ్లిపాటల గది నుంచి అందుకుంది. లుంగీ సంగతి, తువ్వాలు సంగతి, చెవుల దాకా మీసం సంగతి. దళారుల బేరాన్ని తనే చేసి చూపించింది. అందరూ పగలబడి నవ్వుతున్నారు. నేను అతని మొహమే చూస్తున్నాను. అతను నవ్వడం లేదు. పళ్లెం బల్ల మీద పెట్టాడు.

“ఆ గదిలో మగోళ్లు లేరా?” అన్నాడు.

“మగోళ్లా!” ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. “ఆడోళ్ల పాటల్లోకి మగోళ్లెట్లొస్తారు? తలుపుకు గడియేసి ఒక ముసిలామె కాపలా కూసునింటాది. సంటిపిల్లోన్ని గూడ రానీదు. మొత్తం ఆడోళ్లమే...”

అక్కడ ఆగింది. నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది గానీ కళ్లలో వెలుగు పోయింది. మొగుణ్ణి చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఇన్నేళ్లు నేను దాచుకున్నది ఆ చూపులో చదువుకోమని అట్లాగే కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ఎవరో, తర్వాత ఏమయిందో చెప్పమని అడిగారు. ఆమె మంచినీళ్లు తాగుతానని లేచి పోయింది.

మళ్లీ రికార్డు పెట్టారు. జంటలు లేచాయి. ఆమె మొగుడు నా కుర్చీ దగ్గరకు వచ్చాడు. నేను ఆ ఇంటికి వచ్చిన తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు. క్షమించమని నోటితో అడగలేకపోయాడు కాబోలు, అక్కడి పద్ధతిలో చెయ్యి చాపాడు. పొద్దుటిదాకా ఆట రాదన్న మనిషి! అవతల గుమ్మం దగ్గర నీళ్ల గ్లాసు పట్టుకుని ఆమె చూస్తోంది.

“నాకు మగోళ్లతో ఆడే అలవాటు లేదన్నా,” అన్నాను, ఆమెకు వినపడేటట్టు. “ఎప్పుడూ లేదు.”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను కేకు ముక్క తెప్పించుకుని తిన్నాను. బాగుంది.

మరుసటి పొద్దున అతను ఆమెను పలకరించకుండానే గనికి పోయాడు. నాకు మాత్రం వంగి మరీ చెప్పి పోయాడు. ఆమె వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉంది. కళ్లు వాచాయి.

“తెలిసే వచ్చినావా?”

“తెలిసే వచ్చినా.”

గిన్నెలో గరిటె తిప్పింది. నా వైపు తిరగకుండానే అన్నది: “నాకు ఆ సంబంధం కావల్లనిపించిందే. నీకేం, నువ్వు నాకన్నా సక్కని పిల్లవి. నీకు ఇంకోటి వస్తాదిలే అనుకుంటి.”

“రాలేదు,” అన్నాను.

ఆమె ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నా తిరుగు ప్రయాణానికి ఇంకా చాలా రోజులు ఉన్నాయి. తొందరగా పోతానంటానేమో అని ఆమె ఎదురుచూసినట్టుంది. నేను పోలేదు. ఆమె పంపిన టిక్కెట్టు మీద ఉన్న తారీఖు దాకా, ఆమె ఇంట్లో, ఆమె వండిపెడితే తిని, ఆమె ఎదురుగానే కూర్చున్నాను.