ఫ్లెక్సీ మీద లెఫ్టినెంట్

చేతికందిన ఒక ఆఫీసరమ్మను మన సైన్యం ఎలా పోగొట్టుకుందో చెబుతాను, వినండి. ఆ ఆఫీసరమ్మ నేనే. శత్రుదేశాన్ని అనుమానించకండి, సగం పని నాది, సగం మా కాకది. కాక అంటే మా బాపు తమ్ముడు, నర్మెట్టకు సర్పంచు కావాలని ఏళ్లుగా కలలు కంటున్న మనిషి.

ఆఫీసర్ల అకాడమీలో సీటు కోసం మాట్లాడించి, తాళ్లెక్కించి, గోడలు దూకించి ఐదు రోజులు సతాయించి బోర్డువాళ్లు నన్ను ఎంపిక చేశారు. ఆ వెంటనే మెడికల్. కళ్లు, చెవులు, పాదాలు అన్నీ పాసయ్యాయి. బరువు మాత్రం నాలుగు కిలోలు ఎక్కువ. కొన్ని వారాల్లో తగ్గి మళ్లీ రమ్మన్నారు. తగ్గితే సీటు, లేకుంటే ఇంటికి.

కాకకు ఫోన్ చేసి "సెలెక్ట్ అయిన కాకా, కానీ..." అన్నాను. "కానీ" దాటి వినే ఓపిక మా వంశంలో ఎవరికీ లేదు. ఫోన్ పెట్టేశాడు.

నేను జనగామలో బస్సెక్కి నర్మెట్టలో దిగేసరికి ఎదురుగా ఫ్లెక్సీ. ఎవరిదో యూనిఫాం మీద నా తల. అన్ని పతకాలు రావాలంటే కనీసం మూడు యుద్ధాలు చేయాలి. పక్కనే నాకంటే పెద్ద సైజులో దండం పెడుతూ కాక. అక్కడే అసలు సంగతి చెప్పేస్తే పోయేది. సిగ్గేసి చెప్పలేదు. పైగా ఆ పతకాలు నాకు బాగానే నప్పాయనిపించింది. బుద్ధి అంటూ ఉంటే కదా.

ఇక దావత్‌లు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో చూసుకొని కాకే వరస పెట్టాడు. నాటుకోడి, బగారన్నం, సర్వపిండి. చాలంటే ఆ ఇంటి అవ్వ ముఖం ముడుచుకునేది.

"ఆఫీసర్ అయినంక మా కూర నోటికి పోతలేదా బిడ్డా?"

ఇంకో గరిటె పడేది.

పోనీ ఉరుకులు పెట్టి ఒళ్లు కరిగిద్దామని పొద్దున్నే జనగామ రోడ్డెక్కితే, ఎవరో ఒకరు బండి ఆపేవారు. ఆఫీసరమ్మ ఉరుకుడేంది, ఎక్కమనేవారు. ఎక్కితే నేరుగా వాళ్లింటికే, ఉప్మా దగ్గరికే. నా మీద నాకే ఒళ్లు మండేది. ఆ మంటకు మళ్లీ ఆకలయ్యేది.

గడువు రోజున బరువు మిషన్ ఎక్కాను. ఇంకో మూడు కిలోలు పెరిగాను. డాక్టరు మేడం కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూసింది. ఏమైనా జబ్బు చేసిందా అని జాలిగా అడిగింది.

"లేదు మేడం, మా కాక" అన్నాను.

సీటు పోయింది. జనగామ దాకా ఏడుస్తూనే వచ్చాను. ఇంటికి చేరి కాకకు మొత్తం చెప్పాను, ఈసారి "కానీ" తరవాతి సగం కూడా. ఆయన తల పట్టుకొని కూర్చున్నాడు.

"గీ ముక్క ముందుగాల చెప్తె నేనే అందరిని వద్దనకపోదునా?"

ఆయన కళ్లలో నీళ్లు చూసి నా కోపం కరిగిపోయింది. బరువు తప్ప నాలో అన్నీ తొందరగానే కరుగుతాయి. కాసేపటికి కాక కళ్లు తుడుచుకొని లేచాడు.

"పరేషాన్ గాకు బిడ్డా. ఇంకోసారి పోయే ఈడుంది నీకు. ఇయ్యాల యాటను కోయిస్తున్న, కడుపునిండ తిను."

ఆ పూటే నలుగురి ముందు లేచి నిలబడి ప్రమాణం చేశాను. మళ్లీ సెలెక్ట్ అయితే, మిషన్ దిగి సీటు కాగితం అందుకునేదాకా కాకకు ఫోన్ చెయ్యను, చెయ్యను, చెయ్యను. కుడిచెయ్యి పైకెత్తి మరీ చేసిన ప్రమాణం అది. ఆ చేతిలో యాటకూర నల్లిబొక్క ఉండటం వేరే సంగతి.