పరగడుపున వచ్చిన అవ్వ

మొన్న మా డెంటల్ కాలేజీ వాళ్ళు ఫోన్ చేసి, పాత విద్యార్థుల సభలో కాలేజీకి నేను చేసిన సేవ గురించి నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. సేవ అనగానే నాకు ఎల్లారెడ్డి బడి వరండాలో తల వాల్చేసిన ఒక అవ్వ గుర్తొచ్చింది.

అది రెండు వేల పన్నెండు. కామారెడ్డిలో నా క్లినిక్ అప్పుడప్పుడే కుదురుకుంది. నన్ను డాక్టరమ్మను చేసిన కాలేజీకి ఏదైనా చేయాలన్న ఉబలాటంతో, చివరి సంవత్సరం పిల్లలకు పల్లెల్లో పని నేర్పుతానని ప్రిన్సిపాల్‌ను బతిమాలి, ఏం జరిగినా పూచీ నాదేనని మాటిచ్చి మరీ ఎల్లారెడ్డి బడిలో పెట్టిన పళ్ళ శిబిరానికి తీసుకొచ్చాను. నా దూకుడు అలాంటిది.

పొద్దుటి నుంచి చక్కెర పళ్ళకు శత్రువని మైకులో ఊదరగొట్టాను. మధ్యాహ్నం ఆ అవ్వ వంతు వచ్చింది. నా దగ్గరున్న విద్యార్థిని షుగరుందా, గోలీలు వాడుతున్నావా అని అన్నీ అడిగే, పన్ను పీకడానికి మత్తు సూది ఇచ్చింది. కాసేపటికి అవ్వకు ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట ముద్దయి, తల పక్కకు వాలిపోయింది. సూది వికటించిందని ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. జనం మూగారు. మంచిగున్న మనిషిని సంపిండ్రని ఎవరో అననే అన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. సర్కారు దవాఖానకు మనిషిని పరుగెత్తించి, అవ్వ ఏం తిన్నదని వెంట వచ్చిన కోడలిని అడిగాను.

"సూది ఇస్తరంటే తింటరా మేడం? రాత్రి సంది పరగడుపే. షుగర్ గోలి మాత్రం ఇడువకుండ ఏసుకున్నది."

మా వైపు అదొక పట్టింపు. సూదంటే ఆపరేషనే, ఆపరేషనంటే పస్తే. మా పుస్తకాల్లో ఆ పట్టింపు సంగతి లేదు. ఖాళీ కడుపున గోలీ పడి, అవ్వ ఒంట్లో చక్కెర పడిపోయిందన్నమాట. ఎదుటి టీ హోటల్ నుంచి చక్కెర తెప్పించి, తాగిస్తే పొరబోతుందని, అవ్వను పక్కకు ఒత్తిగిలబెట్టి తడివేలితో బుగ్గ లోపల, చిగుళ్ళ మీద రాస్తూ కూర్చున్నాను. ఏ దేవుడికి మొక్కానో, ఎంతమందికి మొక్కానో చెప్పలేను. చివరికి రెప్పలు కదిలాయి.

"పొద్దుగాల్ల సంది చక్కెర తినొద్దంటివి, ఇప్పుడు నువ్వే పెడుతున్నవేంది బిడ్డా?" అంది అవ్వ. అందరూ నవ్వారు. నేను మాత్రం ఏడ్చేశాను. ఆలోపు దవాఖాన నుంచి డాక్టరొచ్చి గ్లూకోజ్ ఎక్కించాడు.

ఆనాటి విద్యార్థిని ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. సూది పట్టకముందు ప్రతి పిల్లాడి చేతా "అవ్వా, తిన్నవా?" అని అడిగిస్తుందట. ఒకప్పుడు మా ఊళ్ళలో గడపలోకి వచ్చిన వాళ్ళనల్లా అడిగిన మాటే అది. ఇప్పుడు నా క్లినిక్‌లో అడిగితే, ఫోన్లోంచి తలెత్తకుండానే తిన్నామంటారు. నాకు నమ్మబుద్ధి కాదు. దగ్గరికెళ్ళి, భుజం మీద చెయ్యేసి మళ్ళీ అడుగుతాను.