చెరువు పడవకు వేసిన ఫ్యూజు

ధర్మవరంలో కాలిన బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే తిరుపాల్‌ను అమాయకుడంటే నేనొప్పుకోను. ముప్పై ఏళ్లు కరెంటుతో కాపురం చేసినవాడు అమాయకుడెట్లా అవుతాడు? మనుషుల్ని నమ్మడంలో మాత్రం పరమ మొద్దు.

పోయినేడు వానలకు చెరువు నిండింది. అతని చిన్ననాటి స్నేహితుడు దేవేంద్ర, ఆదివారాలు జనాన్ని తిప్పడానికి ఒక బ్యాటరీ పడవ తెచ్చాడు. వైరింగంతా తిరుపాల్‌దే. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, వైర్లు తడవకుండా గొట్టంలో దూర్చి, మరీ మరీ చెప్పాడు.

"దేవా, ఆరుమందికి మించి ఎక్కించొద్దు. ఫ్యూజు పోతే ఇదే సైజుది ఇంకోటి ఎయ్యి. తీగ మాత్రం చుట్టొద్దు."

మా సీమలో ఈ మాట చెవికెక్కదు. బోరుకాడ ఫ్యూజు పోతే రాగితీగ నాలుగు పోగులు మెలేసి బిగించడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కరెంటు ఉన్న కాసేపట్లో మడి తడవాలి, మోటారు కాలితే కాలనీ. తిరుపాల్ కూడా రైతుల పోరు పడలేక అట్లా ఎన్ని బిగించాడో.

ఒక ఆదివారం దేవేంద్ర పదిమందిని ఎక్కించాడు. ఫ్యూజు రెండుసార్లు పోయింది. మూడోసారి తీగ మెలేశాడు. వైర్లు వేడెక్కి సీటు కింద మంట లేచింది. గట్టు దగ్గరే కాబట్టి అందరూ నడుంలోతు నీళ్లలోకి దూకి బతికారు. పట్టుచీరలు నేసే యల్లక్క మాత్రం పక్కనున్న పిల్లను లాగబోయి రెండు చేతులూ కాల్చుకుంది.

పోలీసులొచ్చేలోగా తిరుపాల్ పరుగెత్తుకొచ్చి ఫ్యూజు పెట్టె తెరిచి తీగ చూశాడు. అయినా నిజం దేవేంద్రే చెప్తాడని ఆగాడు.

"వైరింగు ఎవురు చేసినారు?" అన్నాడు ఎస్సై.

"తిరుపాల్ సార్," అన్నాడు దేవేంద్ర.

"ఈ తీగ?"

"అదీ ఆయప్పే ఏసినాడు. బోర్లకంతా అట్లే ఏస్తాడు, ఎవుర్నైనా అడగండి."

గట్టుమీది రైతులు తలలూపారు. బోర్ల సంగతి వాళ్లకు తెలుసు మరి. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

"దేవా, నన్ను చూసి చెప్పు," అన్నాడు తిరుపాల్. దేవేంద్ర చూడలేదు.

కేసు తిరుపాల్ మీద పడింది. కనీసం యల్లక్కకైనా నిజం చెప్పుకుందామని పుట్టపర్తి ఆసుపత్రికి పోయాడు. చేతులకు కట్లతో ఆమె మంచం మీద కూర్చుని ఉంది. పక్కన స్టూలు మీద దేవేంద్ర అన్నం కలిపి ముద్దలు పెడుతున్నాడు.

"ఈ అన్న వచ్చి పెడితేనే తింటాండా," అంది యల్లక్క. "నువ్వు పోప్పా. నీ మొగం చూడలేను."

దేవేంద్ర తల ఎత్తకుండా ఇంకో ముద్ద కలిపాడు.