అప్పలమ్మ నవలలో మేనమామ

మా తాతలు చెరకు తోటల పనికి వచ్చిన దీవిలో, బెల్ ఎయిర్ అనే ఊళ్ళో ఒక తెల్లదొర ఇంట అప్పలమ్మ బట్టలు ఇస్త్రీ చేసేది. ఆ ఇంటి అమ్మాయి మోనిక్ పక్కనే కూర్చుని ఫ్రెంచి నవల పైకి చదివేది. విన్నంత మేర శనివారం రామభజన అయ్యాక మా వరండాలో కూర్చుని అప్పలమ్మ మాకు చెప్పేది. మోనిక్ కంటే తనే బాగా చెప్పేదేమో!

నేను అడగకుండా ఉండలేను. "ఆ పిల్ల నచ్చినవాడితో వెళ్ళిపోయిందంటున్నావు. మరి ఇంట్లోవాళ్ళేం చేశారే?"

"ఎవరూ లేరక్కా."

"ఎవరూ లేకపోవడమేమిటి? పెళ్ళిలో గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చే మేనమామైనా ఉండాలిగా?"

మాతోపాటు కథ వింటున్న సుబ్బమ్మ పకపకా నవ్వింది. "తెల్లవాళ్ళకి గంపలెక్కడివి అక్కా!"

మరుసటి శనివారం కథలోకి మేనమామ వచ్చేశాడు. ఊరూరా తిరిగి పిల్లను వెతుకుతున్నాడు. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. చుట్టాలు లేని కథ మాకు ఉప్పు లేని కూరలాగే ఉండేది.

అప్పలమ్మ చెల్లెలు పోలమ్మ అప్పటికి పదేళ్ళ కిందట జీన్ అనే, మనవాడు కాని క్రియోల్ కుర్రాడితో పోర్ట్ లూయిస్ వెళ్ళిపోయింది. "నేను గంప ఎత్తను, అది నా గడప తొక్కకూడదు" అన్నాడు వాళ్ళ మేనమామ పెంటయ్య. ఆ తర్వాత ఎవరూ ఆ పేరెత్తలేదు. అన్నీ అడిగే నేను కూడా.

మా దీవికి స్వాతంత్ర్యం వస్తుందనగా మోనిక్ వాళ్ళు ఫ్రాన్సు వెళ్ళిపోయారు. చివరి అధ్యాయం మిగిలిపోతే పుస్తకం అప్పలమ్మ చేతిలో పెట్టి వెళ్ళింది మోనిక్. ఆరో తరగతి చదువుతో నేనే కూడబలుక్కుని చదివాను. ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తుంటుంది. అంతే, అయిపోయింది.

"ఎవరూ రాలేదా అక్కా?"

"రాలేదే."

"మేనమామ?"

"వాణ్ణి పెట్టింది నువ్వే కదే!"

అప్పలమ్మ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేసింది. మర్నాడు పులిహోర డబ్బా పట్టుకుని పోర్ట్ లూయిస్ బస్సెక్కింది. సాయంత్రం డబ్బా విప్పకుండానే తిరిగొచ్చింది.

"జీన్‌తో ఆస్ట్రేలియా ఓడెక్కేసిందట. మూడు నెలలైందట. చిరునామా అడిగితే పక్కింటామె 'పా కోనే' అంది అక్కా. ఆవిడకీ తెలీదు."

నేను కాగితం తీశాను. "చెప్పు, రాస్తాను."

"ఎక్కడికని పంపుతాం?"

"ముందు చెప్పవే."

కొంగు అంచు మడతలు పెడుతూ చెప్పింది.

"పోలీ, నేను వచ్చాను... అని రాయక్కా."