ఎండెల్ ఆరబెట్టిన పొయ్యి

మా మరిది ఎండెల్ చేతుల్లో ఎంత పనితనం ఉందో, తలలో అంత మొండితనం ఉంది. ఒళ్ళో పెట్టుకుని మీటే కన్నెల్ వాయిద్యాలు చేసేవాడు. ఇన్నేళ్ళూ వంటింట్లోనే చెక్కాడు. అతని భార్య, మా చెల్లి హెల్యుకి ఊపిరితిత్తులు పాడయ్యాక, చెక్కపొట్టు ఎగిరితే చాలు, దగ్గుతో మెలికలు తిరిగిపోయేది. అందుకని పెరట్లో వేరే పనిగది కట్టాడు. ఆమె పోయేలోపు ఆమెకో కన్నెల్ చేసివ్వాలని అతని పట్టుదల.

చలిగాలి చొరబడకుండా గోడ దుంగల సందుల్లో నాచు కూరాడు. మేస్త్రీ రూడి గదిని వెచ్చబెట్టే ఇటుకల పొయ్యి కట్టి ఒకటే మాట చెప్పాడు. "పచ్చి పొయ్యి. ఆరేదాకా పుల్లలతో చిన్నమంటే పెట్టాలి. తొందరపడ్డావో, పగిలిపోద్ది."

మా ఎస్టోనియా చలికి వెచ్చటి గది లేకపోతే జిగురు అంటుకోదు. హెల్యు చూస్తే రోజురోజుకీ చిక్కిపోతోంది. ఎండెల్ ఆగలేక పొయ్యి నిండా దుంగలు పేర్చి అంటించాడు. పొయ్యి నిలువునా పగిలింది.

హెల్యు మంచం మీదే నవ్వింది. "మంచి పనయింది. ఆ చెక్కలేవో ఇక్కడికే తెచ్చుకో. నా కళ్ళముందు చేసుకో."

"పొట్టు రేగుద్ది. దగ్గొస్తది నీకు."

"ఇప్పుడు రావట్లేదా ఏంటి? ఒక్కదాన్నే పడుకుని దగ్గలేకపోతున్నానయ్యా."

నేనూ ఊరుకోలేదు. "అది అడిగేది కన్నెల్‌ని కాదు, నిన్ను. బుర్రుందా నీకు?"

"నువ్వుండు వదినా. ఈసారి పద్ధతిగా చేస్తా."

చేశాడు కూడా. పొయ్యి విప్పి, గడ్డకట్టిన మట్టిని వంటింట్లో వెచ్చబెట్టి, మళ్ళీ కట్టాడు. చిన్నమంటని వదిలి రావడానికి లేదు. మంట ఆరిపోతే ఇటుకల్లో తడి గడ్డకట్టి మళ్ళీ పగులుతుంది. పొద్దస్తమానం దాని ముందే కూర్చుని ఒక్కో పుల్లా అందించేవాడు. బార్లీ జావ నేనే మోసుకెళ్ళి ఇచ్చేదాన్ని, తిట్టుకుంటూ.

ఓ మధ్యాహ్నం హెల్యు, "ఆయన్ని పిలువక్కా" అంది. పరుగెత్తాను.

"ఈ పుల్ల అంటుకోగానే వస్తన్నా" అన్నాడు.

అతనొచ్చేసరికి ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. ప్రాణం లేదు.

పొయ్యి మాత్రం చక్కగా ఆరింది. ఒక్క బీట లేదు. రూడి చూసి మెచ్చుకోబోయి, ఎండెల్ మొహం చూసి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఎండెల్‌ని చూస్తే నాకు కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఇప్పటికీ వచ్చి మా గడపలో నిలబడతాడు.

"ఆఖర్న ఏమందొదినా?"

"నిన్ను పిలవమంది."

"ఇంకేం అన్లేదా?"

ఇంకో మాటేదైనా కల్పించి చెబుదామనే అనుకుంటాను. నోరు రాదు.

"పిలవమంది, అంతే" అంటాను.