ఒక్క ఇంట్లోనే పాడాలి

మొన్న మంగళవారం ఒకప్పటి మా ఇంటి ఓనర్ అంకుల్ పోయారు. ఫోన్‌లో ఆంటీ ఏడవలేదు. "పెద్దగా బాధపడకుండానే వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ఏడుపు నాకే వచ్చింది.

తొంభైల్లో ఢిల్లీ కరోల్ బాగ్‌లో, వాళ్ళ ఇంటి పై గదిలో ఉండి సివిల్స్‌కు చదివేదాన్ని. అంకుల్ ప్రభుత్వ న్యాయశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పాటల క్యాసెట్ కొన్న రోజే దానికి ఒక కాపీ తీసుకునేవారు. కొన్నది బీరువాలోకి, కాపీ టేప్ రికార్డర్‌లోకి. అరిగితే కాపీయే అరగాలి. ఎవరైనా అడిగితే మాత్రం కాపీ ఇవ్వరు. బీరువా తెరిచి కొన్నదే చేతిలో పెడతారు. అది తిరిగొచ్చేదాకా తన కాపీ ముట్టుకోరు.

"కొన్నది ఒకటి. ఒక్క ఇంట్లోనే పాడాలి" అనేవారు. చట్టంలో అలా రాసుందా అని అడిగితే నవ్వేవారు. "చట్టం సంగతి వేరమ్మాయ్. ఇది నా సంగతి."

ఆంటీకి ప్రాణమైన వీణ క్యాసెట్ ఒకటుండేది. నేనూ అడిగి తెచ్చుకున్నాను. ఆయన చాదస్తానికి లోలోపల నవ్వుకుని, గుట్టుగా కాపీ చేయించుకుందామని సరోజినీ నగర్‌లో స్నేహితురాలి ఇంటికి బయల్దేరాను. బస్సు దిగి చూసుకుంటే సంచీలో క్యాసెట్ లేదు.

ఆ వారమే ఆంటీకి కంటి ఆపరేషన్ అయింది. చదవకూడదు, టీవీ చూడకూడదు. ఆవిడ అడిగేదల్లా ఆ వీణే. తలవంచుకుని అంతా చెప్పేశాను, కాపీ చేయించబోయిన సంగతితో సహా. అంకుల్ తిట్టలేదు. తన కాపీ మాత్రం పెట్టలేదు.

"అది ఇప్పుడు ఎవరింట్లోనో పాడుతుంటుంది కదా" అన్నారు.

నా తప్పుకు ఆవిడకు శిక్షా అని ఒళ్ళు మండింది. "మీ కాపీ మీరు వింటే ఏ పోలీసొస్తాడంకుల్?"

"ఎవడూ రాడు. అందుకే నేనే చూసుకోవాలి."

ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో, సంతకం పెట్టబోతూ ఆ మాట తలుచుకుని ఆగిన రోజులున్నాయి.

ఆంటీయే నన్ను ఊరడించారు. "ఠీక్ హై, వదిలెయ్యమ్మా. కళ్ళు బాగున్న ముప్ఫయ్యేళ్ళూ ఈయన మారడం చూళ్ళేదు, ఇప్పుడేం చూస్తాను!"

కరోల్ బాగ్ దుకాణాలన్నీ తిరిగినా దొరకలేదు. విజయవాడలో ఉన్న అన్నయ్యకు ఉత్తరం రాస్తే, వెతికి కొని, ఢిల్లీ వచ్చేవాళ్ళతో పంపాడు. ఇరవై రోజులు పట్టింది. స్టేషన్ నుంచి నేరుగా తెచ్చి అంకుల్ చేతిలో పెట్టాను. ఆయన పైకాగితమైనా విప్పకుండా దాన్ని బీరువాలో పెట్టి, పాత కాపీ తీశారు.

ఆ కాపీ నేను వినడం అదే మొదలు. రెండు టేప్ రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి తీసిందట. వీణ వెనక వీధిలో బఠాణీల వాడి కేక, కుక్కర్ విజిల్, "ష్... రికార్డవుతోంది!" అంటూ అంకుల్ గొంతు, ఎంత ఆపుకున్నా ఆగని ఆంటీ నవ్వు. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న ఆంటీ, ఆ చోటికి రాగానే మళ్ళీ నవ్వారు. అంకుల్ పెదవుల మీద వేలు పెట్టుకుని, "ష్" అన్నారు.